నిమిషానికో చుట్టు తిరిగే ఊరు

1969. అమెరికాలో ఆకులు రాలే కాలం. న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ. డిగ్రీ చదువుకు ఆడపిల్లల్ని మొదటిసారి చేర్చుకున్నది ఆ ఏడే. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టిందీ ఆ ఏడే. అలాంటప్పుడు ఫిజిక్స్ క్లాసు కిటకిటలాడిపోవాలి, కుర్రకారు రాకెట్ల ఊసు తప్ప ఇంకో మాట ఎత్తకూడదు అనుకుంటాం. జరిగింది వేరు. టీవీ పెడితే వియత్నాం యుద్ధం. జూన్‌లో ఒహాయో రాష్ట్రంలో కయహోగా నది మీద తేలుతున్న నూనె తెట్టుకు నిప్పంటుకుని ఏకంగా నదే మండింది. బాంబులు చేసిందీ, నీళ్లు పాడు చేసిందీ సైన్సు చదివినవాళ్లే కదా అని పిల్లల అనుమానం. ఇంజనీరింగ్ చదువుతున్నానని చెప్పుకోవడానికి నామోషీ పడే రోజులు.

ఆ ఏడు మొదటి సంవత్సరం వాళ్లకు ఫిజిక్స్ 103 చెప్పే బాధ్యత జెరార్డ్ ఓనీల్ మీద పడింది. ఆయనకప్పుడు 42 ఏళ్లు. పదిహేడేళ్లకే నౌకాదళంలో చేరి రాడార్లు బాగుచేసినవాడు. పరమాణువుల్లోని కణాలను పరుగెత్తించి, వలయంలో దాచి, ఎదురెదురుగా ఢీకొట్టించే ‘స్టోరేజ్ రింగ్’ ఆలోచన ఆయనదే. 1956లోనే ప్రచురించాడు. ఈ క్లాసుకు రెండేళ్ల ముందు వ్యోమగామి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, చివరి వడపోత దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. అంతరిక్షం గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన మనిషి చేతికి, అంతరిక్షమంటే విసుగెత్తిన పిల్లలు దొరికారన్నమాట.

క్లాసు తర్వాత, ఆసక్తి ఉన్న కొద్దిమందిని విడిగా కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. సిలబస్ లేదు. మార్కులు లేవు. ఆ గదిలో ఎవరేమన్నారో మాటకు మాట రాసి పెట్టినవాళ్లూ లేరు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మిగిలింది, దాని వెనక వేసిన లెక్కలు మిగిలాయి. ఈ కథను మళ్లీ అల్లుకోవడానికి నా దగ్గరున్న ఆధారం అదే.

ప్రశ్న ఇది: పెరుగుతూ పోయే యంత్ర నాగరికతకు, ఏదో ఒక గ్రహం మీది నేలే తగిన చోటా?

అడిగిన మాస్టారికి జవాబు తెలియదు. ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ ఒక్క సంగతే. మన క్లాసుల్లో ప్రశ్న పుట్టేనాటికే జవాబు గైడులో అచ్చయి ఉంటుంది.

బోర్డు మీద లెక్క మొదలైంది. భూమి కొబ్బరికాయ లాంటిదనుకోండి. మనం పీచు మీద బతుకుతున్నాం. లోపలున్నదంతా మనల్ని కిందికి లాగి పట్టుకోవడానికే సరిపోతోంది. అదే ఒక డొల్ల కొబ్బరికాయ చేసుకుని, దాని లోపలి గోడ మీద కాపురం పెడితే? లాగి పట్టుకునే బరువు లేదు కాబట్టి కాయను తిప్పాలి. చెంబులో నీళ్లు పోసి, తాడు కట్టి, గిరగిరా తిప్పితే తలకిందులైనప్పుడు కూడా చుక్క ఒలకదు. పల్లెలో పెరిగిన ఏ పిల్లాడికైనా తెలిసిన విద్యే. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మౌత్ కా కువా చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. బైకు గోడకు అతుక్కుని తిరుగుతుందే తప్ప కింద పడదు.

మరి ఎంత వేగంగా తిప్పాలి? వ్యాసార్ధం 100 మీటర్లున్న డొల్లయితే 20 సెకన్లకో చుట్టు. అప్పుడు లోపలి గోడ మీద నిలబడ్డవాడికి భూమ్మీద ఉన్నంత బరువే తెలుస్తుంది. డొల్లను పెద్దది చేస్తే నెమ్మదిగా తిప్పినా చాలు, కానీ గోడ మీద లాగుడు పెరుగుతుంది. ఉక్కు ఎంతవరకు తట్టుకుంటుంది? ఇక్కడే కుర్రాళ్ల కళ్లు పెద్దవై ఉంటాయి. ఎంతో పెద్ద సైజు దాకా ఉక్కు తెగదు. ఓనీల్ లెక్కల్లో చివరకు నిలిచిన పెద్ద నమూనా 32 కిలోమీటర్ల పొడవు, ఆరున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ వెడల్పు ఉన్న స్తంభాల జంట. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. లోపల పొడుగునా మూడు లోయలు, వాటి మధ్య మూడు కిటికీ పట్టీలు. బయటి అద్దాలు తెరిస్తే పగలు, మూస్తే రాత్రి. పొద్దు పొడవాలంటే ఎవరో ఒకరు మీట నొక్కాలి.

ఇదంతా తమాషాగా మొదలైందనీ, అంకెలు సరిగ్గా కుదిరేసరికి తమాషా పోయిందనీ ఓనీల్ తర్వాత రాసుకున్నాడు.

మనకిందులో వింత తోచకపోవచ్చు. బొందితో స్వర్గానికి పోతానన్న రాజు కోసం విశ్వామిత్రుడు నడి ఆకాశంలో ఇంకో స్వర్గం కట్టిపెట్టిన కథ విని పెరిగినవాళ్లం. ఓనీల్ తన ఊరికి ఎంచుకున్న చోటు కూడా అచ్చం అలాంటిదే. భూమి ఆకర్షణ, చంద్రుడి ఆకర్షణ, తిరుగుడు అన్నీ సర్దుకుని, పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండిపోయే బిందువు. ‘ఎల్5’ అంటారు. కాకపోతే విశ్వామిత్రుడు తపస్సు ధారపోశాడు. ప్రిన్‌స్టన్ మాస్టారు స్లైడ్‌రూల్ పట్టుకున్నాడు.

తర్వాతి నాలుగేళ్లు ఎవరూ సినిమా తియ్యని భాగం. రాసుకున్న వ్యాసం పట్టుకుని ఓనీల్ పత్రికల చుట్టూ తిరిగాడు. ‘సైన్స్’ వద్దంది. ‘సైంటిఫిక్ అమెరికన్’ వద్దంది. ఆయన కాలేజీలకు వెళ్లి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. పండితులు తిప్పికొట్టిన సంగతిని పిల్లలు ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నారు. అదే ఆయన్ని నిలబెట్టింది.

1974 మే. ప్రిన్‌స్టన్‌లోనే రెండు రోజుల చిన్న సదస్సు. ఖర్చుకు పాయింట్ ఫౌండేషన్ అనే సంస్థ ఇచ్చింది 600 డాలర్లు. అంతే. ఆ డబ్బుతో మన దగ్గర అప్పట్లో పెళ్లి కూడా కాస్త బొటాబొటిగానే అయ్యేదేమో. వచ్చినవాళ్లలో ఫ్రీమన్ డైసన్ లాంటి దిగ్గజం ఉన్నాడు, వ్యోమగామి జో అలెన్ ఉన్నాడు, ఎంఐటీ మొదటి సంవత్సరం కుర్రాడు ఎరిక్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. నానోటెక్నాలజీ అనగానే ఇవాళ గుర్తొచ్చే పేరు ఆ కుర్రాడిదే. ఒక మూల న్యూయార్క్ టైమ్స్ సైన్సు విలేకరి వాల్టర్ సలివన్ కూర్చున్నాడు. మే 13న ఆయన వార్త మొదటి పేజీలో పడింది. నాలుగేళ్లు తెరుచుకోని తలుపులు ఒక్క ఉదయంతో తెరుచుకున్నాయి. సెప్టెంబర్‌లో ‘ఫిజిక్స్ టుడే’ వ్యాసం అచ్చువేసింది.

మరుసటి ఏడు ఎండాకాలం. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రం, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కలిసి పది వారాల అధ్యయనం పెట్టాయి. ఇంజనీర్లు, భౌతికశాస్త్రం వాళ్లు, సమాజశాస్త్రం వాళ్లు, ఆర్కిటెక్టులు, విద్యార్థులు అందరూ ఒకే గూట్లో. అప్పగించిన పని ఒక్కటే. పదివేల మంది బతకగలిగే ఊరు గీసి ఇవ్వండి.

ఆ గదుల్లో మొదట తేలాల్సిన పంచాయితీ తల తిరుగుడు గురించి. 20 సెకన్లకో చుట్టు తిరిగే చోట కొందరికి కడుపులో తిప్పుతుంది. పదివేల మందిలో ముసలివాళ్లుంటారు, గర్భిణులుంటారు, పిల్లలుంటారు. ఏరి తెచ్చిన వ్యోమగాములు కాదు కదా. నిమిషానికి ఒక్క చుట్టు మించకూడదని తీర్మానించారు. ఆ ఒక్క తీర్మానంతో ఊరి సైజు దానంతటదే తేలిపోయింది. నిమిషానికో చుట్టుతో భూమ్మీది బరువు రావాలంటే వ్యాసార్ధం సుమారు 900 మీటర్లు ఉండి తీరాలి. కడుపులో వికారం ఊరి కొలతలు రాసిందన్నమాట.

స్తంభానికి బదులు సైకిల్ ట్యూబు ఆకారం ఎంచుకున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకు 1,790 మీటర్లు. ట్యూబు మందం 130 మీటర్లు. ఇరుసు నుంచి ఆరు పుల్లలు. జనం ట్యూబు లోపల, బయటి అంచు వైపు కాళ్లు పెట్టుకుని నడుస్తారు. తల పైకెత్తితే ఇరుసు కనిపిస్తుంది. ఆ చక్రానికి ‘స్టాన్‌ఫర్డ్ టోరస్’ అని పేరు పడింది.

ఆ నేలను నేను ఒకసారి లెక్క కట్టి చూశాను. చక్రం చుట్టుకొలతను ట్యూబు వెడల్పుతో హెచ్చవేసి, పదివేలతో భాగిస్తే మనిషికి 68 చదరపు మీటర్లు కూడా రావు. మన భాషలో చెప్పాలంటే 80 గజాలు. ఇల్లు, బడి, ఆస్పత్రి, కొట్టు, పార్కు, వరి పొలం అన్నీ కలిపి. హైదరాబాద్ శివారులో 80 గజాల బిట్టు చూపిస్తే మొహం తిప్పుకునేవాళ్లం, ఆకాశంలో ఆ 80 గజాల్లోనే ప్రపంచం మొత్తం సర్దుకోవాలి. అందుకే పొలాలను అంతస్తులుగా పేర్చారు.

ఇంకో లెక్క నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. ఈ మొత్తం కట్టడం బరువు దాదాపు కోటి టన్నులు. అందులో ఊరి బరువు చాలా తక్కువ. మిగతాదంతా ఊరి చుట్టూ ఉన్న గోడ. సూర్యుడి నుంచీ, నక్షత్రాల నుంచీ వచ్చే కిరణాలు తగలకుండా చంద్రుడి మట్టిని, లోహం తీసేశాక మిగిలే చిట్టాన్ని దట్టంగా పేర్చిన గోడ. ఆ మట్టిని రాకెట్లతో మోస్తే దివాళా. కాబట్టి చంద్రుడి మీద అయస్కాంతాల పట్టాలు పరిచి, మట్టి ముద్దల్ని వడిసెల రాళ్లలా ఆకాశంలోకి విసరాలి. ఆ యంత్రానికి ‘మాస్ డ్రైవర్’ అని పేరు. 1976-77లో ఓనీల్, ఎంఐటీలోని హెన్రీ కోమ్ కలిసి మొదటి నమూనా తయారుచేశారు. చేతులు కాల్చుకుని పనిచేసింది విద్యార్థులే. ఎనిమిదడుగుల ఆ నమూనా వస్తువును భూమ్యాకర్షణకు 33 రెట్ల ఊపుతో తోసింది.

పది వారాల నివేదికను నాసా 1977లో పుస్తకంగా వేసింది. డాన్ డేవిస్, రిక్ గైడిస్ వేసిన రంగు బొమ్మలు ఈ ఆలోచనకు పుస్తకాన్ని మించిన ప్రచారం తెచ్చాయి. ఒంపు తిరిగి పైకి లేచిన నేల, మెట్లు మెట్లుగా ఇళ్లు, చెట్లు, వాగు. చూస్తే నోరూరుతుంది. ఒక్కటే లోటు. ఆ ఊళ్లో ఎక్కడా బట్టలారేసిన తాడు కనిపించదు. కాలిఫోర్నియాలో గీసిన స్వర్గం కాలిఫోర్నియా లాగే ఉంటుంది, ఏం చేస్తాం.

అదే ఏడు విస్కాన్సిన్ సెనెటర్ విలియం ప్రాక్స్‌మైర్ కంటికి ఈ వ్యవహారం ఆనింది. నాసాకు డబ్బులు మంజూరు చేసే ఉపసంఘం ఆయన చేతిలో ఉంది. టీవీలో అంతరిక్ష కాలనీల కార్యక్రమం వచ్చాక, ఈ పిచ్చి ఊహకు ఒక్క పైసా కూడా రాల్చేది లేదని తేల్చేశాడు. రాల్చలేదు కూడా.

పైసా రాకపోతే ఆలోచన చచ్చిపోవాలి. కానీ అప్పటికే అది పిల్లల చేతుల్లో పడింది. 1982లో మయామీలో హైస్కూలు ముగించిన ఒక కుర్రాడు వీడ్కోలు ప్రసంగంలో అంతరిక్షంలో ఊళ్లు కట్టాలన్నాడు, ఆ తర్వాత చదువుకు ప్రిన్‌స్టన్‌కే వెళ్లాడు. ఆ కుర్రాడి పేరు జెఫ్ బెజోస్. 2019లో వేదికెక్కి ఆయన చూపించినవి ఆ పాత నమూనాలకు కొత్త రంగులే. డబ్బున్నవాళ్ల సంగతి అలా ఉంచి, డబ్బుతో పనిలేకుండా ఆ ప్రశ్నను బతికించిన వాళ్ల దగ్గరకు వద్దాం.

అనితా గేల్ స్పేస్ షటిల్ మీద పనిచేసిన ఇంజనీరు. 1984లో ఆమె, డిక్ ఎడ్వర్డ్స్ మరికొందరితో కలిసి స్కౌట్ పిల్లల కోసం ఒక ఆట మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై అంతర్జాతీయ అంతరిక్ష ఆవాసాల డిజైన్ పోటీ అయింది. హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో ఏళ్ల తరబడి తుది పోటీలు జరిగాయి.

దాని మజా ఏమిటంటే, వచ్చిన జట్టును జట్టుగా ఉండనివ్వరు. మన దేశం నుంచి వెళ్లిన పిల్లల్ని ఇంకో మూడు నాలుగు దేశాల పిల్లలతో కలిపేస్తారు. నలభై యాభై మందిని ఒక ఉత్తుత్తి కంపెనీ చేస్తారు. గ్రంబో ఏరోస్పేస్, వల్చర్ ఏవియేషన్, డూగెల్‌డైన్ లాంటి వేళాకోళం పేర్లుంటాయి ఆ కంపెనీలకు. తర్వాత వాళ్ల చేతిలో పెట్టేది టెండర్. మన పీడబ్ల్యూడీ కాంట్రాక్టర్లకు అలవాటైన టెండరే. ఈ శతాబ్దంలోనే రాబోయే ఏదో ఒక ఏడు, ఫలానా కక్ష్యలో, ఇంత జనాభాకు ఊరు కావాలి. కట్టడం ఎలా, గాలి నీళ్లు ఎలా, రోబోలు ఎన్ని, ఖర్చెంత, ఎన్నేళ్లు, జనం అక్కడెందుకు ఉండాలనుకుంటారు? అన్నింటికీ జవాబు రాయాలి. గడువు రెండు రోజులు కూడా నిండదు. తర్వాత అసలైన ఇంజనీర్ల ముందు నిలబడి సమర్థించుకోవాలి.

మొదటి గంటలో ఎన్నికలు. ప్రెసిడెంటు ఎవరు, కట్టడాల విభాగం ఎవరికి, ‘మనుషుల విభాగం’ ఎవరికి. ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడేవాడే మొదట గెలుస్తాడు, రెండో పూట గడిచేసరికి లెక్కలు వచ్చినవాడి చుట్టూ జనం చేరతారు. అలాంటి హాల్లో ఏ ఏడైనా తప్పకుండా వచ్చే ఘడియ ఒకటుంటుంది. కట్టడాల వాళ్లు వ్యాసార్ధం మార్చేస్తారు. మనుషుల విభాగానికి ఆ కబురు చేరదు. వాళ్లు పాత నేల మీదే ఇళ్లు గీసుకుంటూ పోతారు. తెల్లవారే వేళకు ఎవరో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఊళ్లో మూడో వంతు ఇళ్లు గోడ బయట, శూన్యంలో వేలాడుతుంటాయి. అప్పుడు అరుపులు, ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడని నిశ్శబ్దం, ఆ తర్వాత ఎవరో ఒకరు రబ్బరు అందుకోవడం. ఇంజనీరింగ్ అంటే ఏమిటో కాలేజీ నాలుగేళ్లలో తెలియనివాళ్లకు కూడా ఆ తెల్లవారుజామున తెలిసిపోతుంది.

గెలిచిన కంపెనీకి దక్కేది పెద్ద డబ్బేమీ కాదు. విడిగా, అందరినీ కూడగట్టుకుని నడిపించిన విద్యార్థికి డిక్ ఎడ్వర్డ్స్ పేరు మీద నాయకత్వ పురస్కారం ఇస్తారు. గట్టిగా అరిచినవాడికి అది దక్కడం కష్టం.

నేల మీది ఊళ్లకూ ఇలాంటి పోటీ ఉంది. అమెరికాలో బడి పిల్లలకు పెట్టే ‘ఫ్యూచర్ సిటీ’. 1990ల మొదట్లో పుట్టింది. పారేసిన అట్టపెట్టెలు, సీసా మూతలు, పాడైన సీడీలతో నగరం నమూనా కట్టాలి. ఖర్చు 100 డాలర్లు దాటకూడదు. కదిలే భాగం ఒకటైనా ఉండాలి. ఏటా ఒక ఇతివృత్తం ఇస్తారు. ఒకసారి చెత్త, ఒకసారి ముసలివాళ్లకు అనువైన ఊరు. 2020-21లో, అందరం ఇళ్లలో తలుపులు బిగించుకుని కూర్చున్నప్పుడు, చంద్రుడి మీద కాపురం ఇచ్చారు. ఆ ఏడు అంతకన్నా తగిన ఇతివృత్తం ఇంకోటి లేదేమో.

ఇక మన ఇళ్లలోకి.

తెలుగు పేపరు తీసేవాళ్లకు ఆ ప్రకటనలు కొత్త కాదు. పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలంత పిల్లల మొహాలు, పైన ‘నాసా’ అని పెద్దక్షరాలు, ఇన్ని ప్రాజెక్టులు గెలిచాయని అంకె. ఐఐటీ ర్యాంకుల పేజీ, ఈ పేజీ కవలల్లా ఉంటాయి. ఆ అంకె అబద్ధమేమీ కాదు. ఆ ప్రాజెక్టులు వెళ్లేది ఇంకో పోటీకి, నాసా ఏమ్స్ కేంద్రం మొదలుపెట్టిన అంతరిక్ష ఆవాసాల పోటీకి. ఇప్పుడు అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీ ఓనీల్ పేరు మీదే నడుపుతోంది. అందులో తరగతికో బహుమతి, ఒంటరిగా రాసినవాళ్లకు వేరు, చిన్న జట్టుకు వేరు, పెద్ద జట్టుకు వేరు. ఒకటి, రెండు, మూడు స్థానాలు, ఆపైన ప్రశంసలు. ఎక్కువమంది పిల్లలు రాయాలన్నదే దాని ఉద్దేశం కాబట్టి బహుమతులూ అలాగే పరిచారు. వేలమంది పిల్లలున్న సంస్థకు డజన్ల కొద్దీ బహుమతులు రావడంలో మాయ లేదు. మార్కులు లేని గదిలో పుట్టిన ప్రశ్న మన దగ్గరకొచ్చేసరికి ర్యాంకయింది, అదొక్కటే నాకు మింగుడుపడదు.

అయితే మా అక్క కూతురి పుణ్యమా అని నా అభిప్రాయం కాస్త సవరించుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి. బళ్లో టీచరు ఆ పోటీకి జట్లు వేసి, ఈ పిల్లకు ‘సమాజం, సంస్కృతి’ అధ్యాయం అప్పజెప్పింది. ఇంజన్లు దక్కలేదని అలిగింది. ఆదివారం మా ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, ఇంటర్నెట్‌లో దొరికిన పేరాలు అతికిస్తూ కూర్చుంది. మా అమ్మ పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

“ఏమే అమ్మడూ, ఏం రాస్తున్నావు?”

“ఆకాశంలో ఊరు కడుతున్నాం అమ్మమ్మా. పదివేల మంది ఉంటారు.”

“గుడి ఉందా?”

“అన్ని మతాలకూ కలిపి ఒక ధ్యాన మందిరం పెట్టాం.”

అమ్మ రెండు కాయలు వలిచింది. “మరి వల్లకాడో?”

పిల్ల వేళ్లు ఆగాయి. నావైపు చూసింది. “మామయ్యా, ఇది ఎవరూ రాయలేదు. నేను చూసిన ఒక్క ప్రాజెక్టులోనూ లేదు.”

“ఊరన్నాక వల్లకాడు ఉండదుటే?” అంది అమ్మ, అదేదో తనకొచ్చిన అవమానంలా.

అప్పుడు చెప్పాను, నాకు తెలిసిన ఓనీల్ చివరి కథ. 1992లో ల్యుకేమియాతో పోయాడు. ఐదేళ్ల తర్వాత, 1997 ఏప్రిల్ 21న, ఆయన చితాభస్మంలో చిటికెడు, అంటే ఏడు గ్రాములు, లిప్‌స్టిక్ గొట్టమంత డబ్బాలో పెట్టి రాకెట్‌లో పంపారు. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీతో కలిపి మొత్తం 24 మంది భస్మాలు. గంటన్నరకో చుట్టు చొప్పున ఐదేళ్లు భూమి చుట్టూ తిరిగి, 2002 మేలో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన వాతావరణంలోకి జారి కాలిపోయాయి.

“ఇరవై నాలుగు మందేనా?” అంది పిల్ల. “పదివేల మంది ఊరు గీసి, చివరికి ఆటో రిక్షాల స్టాండంత మందితో వెళ్లాడా!”

“దహనం రెండుసార్లు చేశారన్నమాట,” అంది అమ్మ. “అదృష్టవంతుడు.”

పిల్ల అప్పటిదాకా అతికించిన పేరాలన్నీ ఎంచుకుని, ఒక్క మీటతో తుడిచేసింది. కాగితం లాక్కుంది. “వెయ్యికి ఏడాదిలో ఎంతమంది పోతారు మామయ్యా?”

“ఏడుగురు అనుకో.”

“అంటే పదివేలకు డెబ్బై. వారానికొకరు దాటుతారు. పాతిపెట్టడానికి చోటు లేదు, మనిషికి 80 గజాలే. బయటికి విసరకూడదు, అదే కక్ష్యలో తిరిగి మళ్లీ ఊరికే వచ్చి తగలొచ్చు.” పెన్ను మూత కొరికింది. ‘దహనం’ అని రాసి కింద గీత గీసింది.

అమ్మ ఈనెలన్నీ పేపరులో చుట్టింది. చుడుతూ అడిగింది. “అక్కడ గాలి కూడా మీరే తయారుచేసుకోవాలన్నావు కదే ఇందాక. మరి చితి మండటానికి ఎవరి వాటా గాలి ఇస్తారు?”

పిల్ల ఆ గీతను కొట్టేసింది. పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. తర్వాత చాలాసేపు, అమ్మ కూర పొయ్యి మీద వేసి వచ్చేదాకా, ఒక మనిషి కాలడానికి ఎంత ఆక్సిజన్ కావాలో లెక్క కడుతూ కూర్చుంది.